మన గోడే కదండీ

పోయిన వారం మునిసిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా కొట్టు వెనక పెట్టించుకున్న లిఫ్టు చూసి, అంతా ప్లాను ప్రకారమే ఉందని ఆవిడ రాసుకుంటే ఆఫీసుతో మా పని అయిపోయినట్టు. టేపు పట్టి కొలిచింది. ఫోనులో ఫొటోలు తీసుకుంది. నేనిచ్చిన మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టి, చివర్లో మామూలుగా అడిగింది.

"పక్కవాళ్ళకి అభ్యంతరం ఏమీ లేదు కదండీ?"

నేను పక్కకి తిరిగి చూశాను. పక్క కొట్టు షట్టరు దించి ఉంది. వర్షాకాలంలో దించిన షట్టరు మళ్ళీ ఎత్తలేదు.

ఆ షట్టరు వెనక బెల్లం, చింతపండు టోకు వ్యాపారం చేసిన మనిషిని నేను పెళ్ళయి రాజమండ్రి వచ్చిన నాటినుంచీ బాబాయిగారు అనే పిలిచాను. చుట్టం కాదు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, అదే మా చుట్టరికం. మావి స్టీలు సామాన్లు, వాళ్ళది బెల్లం. కింద కొట్లు, పైన కాపురాలు. గోడకి అటు బెల్లం బస్తాలు, ఇటు పైన మా వంటిల్లు కాబట్టి చీమలకి మాత్రం ఆ గోడ ఎప్పుడూ అడ్డం కాలేదు. పంచదార డబ్బాకి చీమలు పట్టాయని నేను విసుక్కుంటుంటే ఎలా వినబడేదో ఏమో, కింద నుంచి కేకేసేవారు.

"మావేనమ్మా ఆ చీమలు. ఇబ్బంది పెడుతున్నాయా?"

ఆ తర్వాత పసుపు పొట్లం వచ్చేది, కన్నం దగ్గర చల్లమని. పసుపుతో పాటు ఒక అచ్చు బెల్లం కూడా. చీమలు మళ్ళీ రాకేం చేస్తాయి?

బాబాయిగారి నోట 'లేదు' అనే మాట నేను వినలేదు. వ్యాపారస్థుల ఇళ్ళలో బియ్యం అయిపోతే లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. అది అందరికీ ఉన్న అలవాటే. ఈయన దాన్ని లోకంలో ఉన్న ప్రతి విషయానికీ పట్టుకెళ్ళారు. తుని బస్సు తప్పిపోతే "బస్సు మనకంటే ముందు బయల్దేరిందండి" అనేవారు. కరెంటు పోతే "కాసేపు విశ్రాంతి తీసుకుంటోందండి." తన దగ్గర దొరకని సరుకు ఎవరైనా అడిగితే, వాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి, మనిషిని వేరే కొట్టుకి పంపి తెప్పించి మరీ ఇచ్చేవారు. ఆ పూట బేరం పోయినా సరే, ఆ మాట మాత్రం అనకూడదు.

ఎవరు గడప తొక్కినా గద్దె మీంచి లేచి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని "రండి రండి" అనేవారు. చందాకొచ్చినవాళ్ళకైనా, పన్ను వసూలుకొచ్చినవాళ్ళకైనా అదే లేవడం, అదే చెయ్యి. బల్ల మీదున్న బెల్లం వాసన చూడ్డానికొచ్చిన ఆవుని "కాస్త పక్కకి జరగండి" అని బతిమాలడం నేను కళ్ళారా చూశాను. అంత మర్యాద పక్కింట్లో ఉండటం అదృష్టం అనుకునేదాన్ని, దాంట్లో మేం ఇరుక్కునేదాకా.

ఇరుక్కోవడం ఇలా జరిగింది. మావారు కొట్లో పై అరలో ఉన్న గంగాళం దించబోయి నిచ్చెన మీంచి పడ్డారు. వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషన్ అయింది, ప్రాణం నిలబడింది, కాళ్ళు మాత్రం మాట వినడం మానేశాయి. ఆసుపత్రి నుంచి తెచ్చి మేడ మీద పడుకోబెట్టాం. ఆ మేడకి ఒకే ఒక్క మెట్లదారి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. మధ్యలో ఒక మలుపు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే కుర్చీలో కూర్చోబెట్టి మనుషులు మోసుకుని దిగాలి. ఒకసారి ఆ మలుపు దగ్గర ఒకతని కాలు జారి కుర్చీ ముందుకి వాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ మావారి మొహం తెల్లబోయింది.

"ఇంక నన్ను దింపకు. దింపితే లిఫ్టులో దింపు, లేకపోతే పాడె మీద ఒకేసారి దింపు" అన్నారు ఆ రోజు.

పుట్టిన దగ్గర్నుంచీ గల్లాపెట్టె పక్కన పెరిగిన మనిషి. మేడ మీద కూర్చుని కింద కొట్లో జరిగే బేరాలు చెవొగ్గి వినేవారు. నేను ధర తక్కువ చెబితే స్టీలు గ్లాసుతో నేల మీద టంగుమని కొట్టేవారు. కొన్నవాళ్ళు పైకి చూసేవాళ్ళు, నేను నవ్వేదాన్ని. తర్వాత తర్వాత ఆ గ్లాసు మోగడం తగ్గింది. ధర తప్పు చెప్పినా మోగేది కాదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆయన్ని మళ్ళీ గల్లా దగ్గర కూర్చోబెట్టకపోతే మనిషి దక్కడని అర్థమైంది.

ప్లాన్లు గీసే ఇంజనీరుగారిని పిలిపించాం. ఆయన ఇల్లంతా తిరిగి చూశాడు. ముందు వైపు రోడ్డు వెడల్పులో పోయే భాగం ఉంది, అక్కడ ఇటుక కదిపినా మునిసిపాలిటీ ఒప్పుకోదు. మధ్యలో దూలాలున్నాయి, వాటి జోలికి వెళ్తే మేడ కిందికి వస్తుంది. ఇంక మిగిలింది వెనక మూల, బాబాయిగారి గోడ పక్కన. అక్కడ శ్లాబు కోసి, కింద గొయ్యి తవ్వి, లిఫ్టు పెట్టొచ్చన్నాడు.

"గోడ ఇద్దరిదీ కాబట్టి పక్కవారి సంతకం కావాలండి. అది లేకపోతే ఫైలు కదలదు" అన్నాడు.

అదెంత పని అనుకున్నాను. వెంటనే వెళ్ళాను. బాబాయిగారు లేచారు, చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. కాఫీ వచ్చింది. నేను సంగతి చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"నన్నడగాలా అమ్మా? మన గోడే కదండీ."

ఇంటికొచ్చి సంతోషంగా ఇంజనీరుకి ఫోను చేశాను, ఆయన ఒప్పుకున్నారని. మా వైపు మనిషెవరైనా అలాగే అనుకుంటారు. కాఫీ ఇచ్చి, మన గోడే కదా అన్న తర్వాత ఇంకా కాగితం ఏదీ అని అడగడం ఏం బాగుంటుంది? సంతకం వెనక పంపుతామని ఇంజనీరు ప్లానుని ఆన్‌లైన్‌లో పెట్టేశాడు. కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి షార్ట్‌ఫాల్ అని తిరిగొచ్చింది. పక్కవారి అంగీకారం జత చేయలేదట.

అక్కడి నుంచి మొదలైంది నా తిరుగుడు. వెళ్ళిన ప్రతిసారీ కాఫీ. ఒకసారి "మూఢం వెళ్ళనీయండమ్మా" అన్నారు. మూఢం వెళ్ళింది. "కళ్ళజోడు మారుస్తున్నానండి, చూసుకుని పెడతాను" అన్నారు. కళ్ళజోడు మారింది. "తొందరేముందమ్మా, మన గోడే కదండీ" అన్నారు. మునిసిపల్ ఆఫీసులో అయితే కుర్చీ ఖాళీగా ఉందనో, సర్వర్ పనిచేయట్లేదనో చెప్పేవాళ్ళు, వాళ్ళని తిట్టుకుంటూ మెట్లు దిగొచ్చేదాన్ని. ఈయన్ని ఏమని తిట్టను? ఆయన కాఫీ తాగిన నోటితోనే తిట్టాలి. కాదు అంటే దెబ్బలాడొచ్చు, అవును అంటే పని మొదలుపెట్టొచ్చు. ఈయన రెండూ అనరు.

"మనసులో ఇష్టం లేదండీ ఆయనకి" అన్నాను మావారితో ఒళ్ళు మండి.

"ఆయన ఎప్పుడైనా వద్దన్నారా?"

"అదేగా నా బాధ."

ఇంత జరుగుతున్నా, సాయంత్రం కొట్టు కట్టేశాక బాబాయిగారు మా మెట్లెక్కి రావడం మానలేదు. మోకాళ్ళ నొప్పులు. గోడ పట్టుకుని, మలుపు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుని, పైకొచ్చి మావారి మంచం పక్కన కూర్చునేవారు. వీధిలో ఎవరు కొట్టు మార్చారు, గోదావరికి ఎంత నీరొచ్చింది, కొత్త బెల్లం రంగెలా ఉంది, ఇవే కబుర్లు. గోడ మాట ఆయన ఎత్తరు, మావారూ ఎత్తరు. నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. వినబడాలనే.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, కొట్టు తెరిచి ఉండగా, ఆయన మెట్లెక్కి వచ్చారు. అలా ఎప్పుడూ రాలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కాఫీ కలపబోతే వద్దన్నారు. మావారి ఎదురుగా నిలబడి, చేతులు రెండూ కట్టుకుని అన్నారు.

"లేదండి. ఆ సంతకం నేను పెట్టలేను."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. పిల్లాడు బూతుమాట అన్నప్పుడు పెద్దవాళ్ళు ఉలిక్కిపడినట్టు ఉలిక్కిపడ్డాం మేమిద్దరం.

ఆ తర్వాత చెప్పారు. మేం గొయ్యి తవ్వాల్సిన మూల మాకు వాయవ్యం, వాళ్ళకి నైరుతి. నైరుతిలో గొయ్యి పడితే ఆ ఇంటి ఇల్లాలికో యజమానికో ముప్పని సిద్ధాంతిగారు చెప్పారట. ఆ మూలనే పైన ఆయన భార్య, మా పిన్నిగారి గది. ఆవిడకి అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించి తీసుకొస్తున్నారు.

"నాకు నమ్మకం లేదండి. ఆవిడకుంది" అన్నారు బాబాయిగారు. "సూదులు పొడిపించుకుని వచ్చి ఆ గదిలో పడుకుంటుంది. గోడ పక్కన గునపం చప్పుడు వినబడితే ఆవిడకి ఇంక నిద్ర పట్టదండి. మీరేమో దిగాలి. నాకు దారి కనబడ్డం లేదండి."

మావారు మంచం పక్కనున్న కుర్చీని చేత్తో ఆయన వైపు జరిపారు. తర్వాత అన్నారు, "చెప్పారు, చాలు బాబాయిగారూ. కూర్చోండి, కాఫీ తాగుదాం."

ఆ రోజు మావారు అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. దారి పూర్తిగా మూసుకుపోయిన రోజున ఆకలేమిటి? ఆయనే అన్నారు: "రేపో ఎల్లుండో అనుకుంటూ కూర్చోవడం కష్టంగా ఉండేది. ఇప్పుడు కూర్చున్నచోట కూర్చోవచ్చు."

ఆయనకి అలా ఉందేమో గాని నాకు ఊపిరాడేది కాదు. ఇదివరకు కోపమన్నా ఉండేది. ఇప్పుడు అదీ తీసేసుకున్నారు. ఆఫీసులో ఫైలు ఉన్నచోటే ఉంది. ఇంజనీరు ఫోను చేస్తే ఏం చెప్పాలో తెలియదు. వంటింట్లో నిలబడితే గోడకి అటు పిన్నిగారి దగ్గు. ఇటు తిరిగితే కిటికీలోంచి వీధి చూస్తూ మావారు. ఆవిడకి నయం కావాలని దేవుడికి దండం పెట్టుకుంటే, ఆ దండంతోనే మావారిని మేడ మీద కట్టేస్తున్నట్టు ఉండేది. ఇంకోలా దండం పెట్టడానికి నాకు నోరు రాలేదు. కొన్నాళ్ళు దీపం వెలిగించి ఏమీ కోరుకోకుండా వచ్చేసేదాన్ని.

పిన్నిగారు కార్తీకంలో పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు బాబాయిగారు మా కొట్లోకి వచ్చారు. అందరికీ లేచి నిలబడే మనిషి, నేను లేస్తే కూర్చోమని చేత్తో సైగ చేశారు.

"ఇప్పుడు తవ్వుకోండమ్మా."

కాఫీ తాగండమ్మా అన్నంత మెల్లగా అన్నారు ఆ మాట. నాకు దుఃఖం ఆగలేదు. గిన్నెల వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మావారు ఒప్పుకోలేదు. ఒకరు పోతే నాకు దారి తెరుచుకోవాలా అని ఆయన బాధ. అయితే బాబాయిగారితో అలా ఎలా అంటారు? "చూద్దామండి" అన్నారు. "తొందరేముందండి, సంక్రాంతి వెళ్ళనీయండి" అన్నారు. "ఇంజనీరుగారు ఊళ్ళో లేరటండి" అని ఇంట్లో కూర్చునే అబద్ధం చెప్పారు. బాబాయిగారేమో సంతకం పెట్టిన కాగితం జేబులో పెట్టుకుని రోజూ మెట్లెక్కుతున్నారు. ఒకప్పుడు బాబాయిగారు చెప్పిన సాకులన్నీ ఇప్పుడు మావారు చెబుతుంటే, ఆయన బుద్ధిగా వింటున్నారు. నాకు నవ్వొచ్చేది, ఒళ్ళూ మండేది. ఈ మర్యాదస్తుల మధ్య పడి నేను ముసలిదాన్నైపోతున్నాను.

ఒక సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు మలుపు దగ్గర ఆగింది. ఎప్పుడూ ఆగేదే. కానీ మళ్ళీ మొదలవలేదు.

"అబ్బాయిగారూ" అని మావారికి పిలుపు.

నేను పరుగెత్తాను. మలుపు మెట్టు మీద కూలబడి ఉన్నారు. మోకాలు పట్టేసింది. లేపబోతే పళ్ళు బిగబట్టి, ఉండమన్నారు. మావారు చక్రాల కుర్చీ తోసుకుంటూ మెట్ల మొదటికి వచ్చి ఆగిపోయారు. ఒకరు పైన, ఒకరు మధ్యలో. ఒకరి మొహం ఒకరికి కనబడదు, మలుపు అడ్డం. మాట మాత్రం వినబడుతుంది.

"దెబ్బ తగిలిందా బాబాయిగారూ?"

"అబ్బే, కాస్త కూర్చున్నానండి."

"నేను రాలేనండి."

"తెలుసండి. నేనూ రాలేను." కాసేపు ఆయాసపడ్డారు. "మీరు దిగలేరు, నేను ఎక్కలేను. ఇంక ఎవరి కోసమండి మనకీ మర్యాదలు?"

పైనుంచి మావారి గొంతు వినబడింది. "ఆ కాగితం మా ఆవిడకివ్వండి బాబాయిగారూ."

ఆయన జేబులోంచి కాగితం తీసి నాకిచ్చారు. మడతల దగ్గర నలిగిపోయింది. కొట్లో పనిచేసేవాళ్ళు వచ్చి ఆయన్ని కిందికి దించారు.

పర్మిషన్ వచ్చింది, మంచిరోజు చూసి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాం. కూలీలు గునపం ఎత్తేలోపు బాబాయిగారు వచ్చారు, పంచె ఎగ్గట్టి. వాళ్ళ చేతిలోంచి గునపం తీసుకుని, మొదటి దెబ్బ తనే వేశారు. బలం ఎక్కడిది, నేల కాస్త పెచ్చులూడింది అంతే. గునపం తిరిగి ఇచ్చి, నాకు మాత్రమే వినబడేలా ఒక మాట అన్నారు. మావారికి చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు.

లిఫ్టు వచ్చింది. మావారు కిందికి దిగి, కొట్టు దాటి వీధిలోకి వచ్చిన రోజున బాబాయిగారు తన కొట్టు మెట్ల మీద నిలబడి ఉన్నారు, చెయ్యి గుండెల మీద. "రండి రండి." ఆ తర్వాత సాయంత్రాలు ఆయన మా మెట్లెక్కలేదు. వీళ్ళిద్దరూ కింద గల్లాపెట్టె పక్కనే కూర్చునేవాళ్ళు. నేను ధర తక్కువ చెబితే ఇద్దరూ కలిసి నన్ను చూసేవారు.

వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం బాబాయిగారు గద్దె మీదే ఒరిగిపోయారు. గుండె అన్నారు డాక్టర్లు. తుని నుంచి కూతురొచ్చింది, చేయాల్సినవన్నీ చేసింది, షట్టరు దించి వెళ్ళింది.

మా కొట్లో స్టీలు డబ్బాలు ఏరుకుంటున్న ఒకావిడ, మావారు అక్కడే ఉన్నారని చూసుకోకుండా, పక్కావిడతో అంది. "నైరుతిలో గొయ్యి పడ్డాక ఆ ఇంట్లో యజమాని నిలుస్తాడేంటండీ?"

మావారు ఆ సాయంత్రం లిఫ్టెక్కి పైకి వెళ్ళారు. మళ్ళీ దిగలేదు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. "నా కాళ్ళ కోసం వాళ్ళ ఇల్లు ఖాళీ చేశాను" అనేవారు. బాబాయిగారు నాతో అన్న మాట నా గొంతులోనే ఉండిపోయింది. చెబితే దోషం నిజమేనని నేనూ ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని భయం. ఇంత ఖర్చుపెట్టి, ఇంతమందిని ఏడిపించి కట్టిన లిఫ్టు పైన ఆగి ఉంది, దాని పక్కనే మంచం మీద ఆయన.

ఇలా ఉన్నప్పుడు వచ్చింది ఆ ఆఫీసు అమ్మాయి. పక్కవాళ్ళ అభ్యంతరం గురించి నేను జవాబు చెప్పకపోయేసరికి, సరే ముందు లిఫ్టు నడిపి చూపించండి అంది. "మనిషి ఉండగా దిగాలండి, ఖాళీగా కాదు."

నేనే ఎక్కి దిగితే సరిపోయేది. ఆ అమ్మాయికి ఎవరైతే ఏంటి? కానీ నాకెందుకో పట్టుదల వచ్చింది. లిఫ్టు తలుపు దగ్గర నిలబడి పైకి కేకేశాను.

"ఏమండీ, దిగిరండి. మీరే దిగాలట."

లిఫ్టు కదల్లేదు.

"బాబాయిగారు గునపం వేసినప్పుడు నాతో ఏమన్నారో తెలుసా మీకు?" ఆఫీసు అమ్మాయి వింటోందని తెలుసు, కొట్లో బేరానికొచ్చినవాళ్ళు వింటున్నారనీ తెలుసు. విననీ. "దోషమంటూ ఉంటే అది మొదటి గునపం వేసినవాడిదేనటమ్మా, సిద్ధాంతిగారినడిగే వచ్చాను, మీకు అంటదు అన్నారండీ. అబ్బాయిగారికి చెప్పకండి, పని ఆపించేస్తారు అన్నారు. తెలిసే వేశారండీ ఆయన. మీరు దిగాలని వేశారు. మీరు పైన కూర్చుంటే ఆయన వేసిందంతా ఏమైపోవాలి?"

ఇంక అరవలేకపోయాను.

పైన కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడు వినబడింది. తలుపు పడింది. లిఫ్టు మూలుగుతూ దిగి ఆగింది. తలుపు తీస్తే మావారు, గడ్డం మాసి, పైపంచెతో మొహం తుడుచుకుంటూ.

ఆ అమ్మాయి ఫోనులో ఏదో నొక్కుకుంది. "చివరిదండి, పక్కవారి అభ్యంతరం?"

"ఉండేదమ్మా" అన్నారు మావారు. "అయినా మొదటి గునపం ఆయనే వేశారు."

ఆవిడ ఏం రాసుకుందో నేను చూడలేదు. కుర్చీ తోసుకెళ్ళి గల్లాపెట్టె పక్కన ఆపాను. ఎవరో బిందె చూపించి ధరడిగారు. నేను చెప్పాను. మావారు తలెత్తి నావైపు చూశారు, తక్కువ చెప్పానని.